పంక్తిభేదం

2020 నవంబరు 8, ఆదివారం

సీసాలన్నీ తిరిగొచ్చాయి. ఇచ్చినవి అరవై, వచ్చినవి అరవై. ఒక్కటి పగల్లేదు, ఒక్కదానిలో చుక్క మిగల్లేదు. పైగా ఎల్లవ్వ వాటిని కడిగి, ఆరబెట్టి, గోనెసంచుల్లో సర్ది పంపింది. మూడేళ్ళ కిందట మా ఇంట్లో పనిచేసినప్పుడు గిన్నెలు కూడా ఇంత శుభ్రంగా తోమేది కాదు. ఇప్పుడు మన సూరత్ పక్కనే కడోదరాలో మగ్గాల మీద పనిచేసే సిరిసిల్ల వైపు మగవాళ్ళకు మెస్సు నడుపుతున్నది. బాధ్యత మనిషిని మారుస్తుంది.

తేజ హాల్లో నేలమీద కూర్చుని మూతల మీది చుక్కలు చూసి విడదీసింది. ఎర్రచుక్కవి ముప్పై, పచ్చచుక్కవి ముప్పై. ఒక రంగులో లవంగం, వేప కలిపిన పుక్కిలింత మందు, రెండో రంగులో ఉత్త రంగునీళ్ళు. ఏది ఏదో తేజకు కూడా తెలియదు, ఆ జాబితా వాళ్ళ గైడు బీరువాలో ఉంది. మందు వాడినవాళ్ళ చిగుళ్ళవాపు నీళ్ళు వాడినవాళ్ళకంటే ఎక్కువ తగ్గిందా అన్నది పరీక్ష. పళ్ళ డాక్టరు పెద్ద చదువుకు ఇదే దాని పరిశోధన.

"నానమ్మా, హండ్రెడ్ పర్సెంట్ వాపస్ వచ్చాయి. సార్ నమ్మడు" అని ఫోటో తీసుకుంది. కాలేజీలో మరెవరికీ సగం సీసాలైనా తిరిగి రావట. చెప్పే విధంగా చెబితే వస్తాయి. మందు పంచిన రోజున మెస్సు వరండాలో నిలబడి నేనే చెప్పాను. ఎవరి సీసా వారిదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్క చుక్క వృథా చేయకూడదు. ఆఖరున ఖాళీ సీసా నా చేతికి రావాలి. వెనక నిలబడ్డ ఆగయ్య అనే పెద్దాయన చెయ్యెత్తి, "తేకపోతే బడిల లెక్క గోడకుర్చీ ఏపిస్తవా టీచరమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. వేయిస్తానన్నాను.

తునిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన గొంతు. ఇంకా పనికొస్తున్నది.

2021 జనవరి 17, ఆదివారం

తేజ ఫలితం తెచ్చింది. రెండు గుంపుల్లోనూ చిగుళ్ళు కొంచెం బాగుపడ్డాయి. రెండింటిలోనూ ఒకే మాదిరిగా. తేడా లేదు.

సరే, తేడా లేదని రాయి అన్నాను. లెక్కకు సున్నా జవాబు వచ్చిందని పిల్లవాడి మార్కులు నేనెప్పుడూ కోయలేదు.

"నువ్వు కొయ్యవు. జర్నల్ వాళ్ళు కోస్తారు. 'తేడా లేదు' అనే పేపర్ కిస్‌కో చాహియే నానమ్మా?"

అచ్చయిన పేపరు లేకపోతే ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరట. కాలేజీ నియమం. మంచి నియమమే అనుకున్నాను మొదట విన్నప్పుడు.

జనవరి 21

తేజ అన్నం సగం వదిలేస్తున్నది.

ఫిబ్రవరి 6, శనివారం

గైడు దారి చూపించాడు. మందు పంచినప్పుడు నింపించిన కాగితంలో ఆఖరున, రోజులు ఇలాంటివి కాబట్టి, జ్వరం గానీ గొంతునొప్పి గానీ వచ్చాయా అని ఒక ప్రశ్న ఉండేదట. ఇప్పుడు దాన్నే ముందుకు తెచ్చారు. అరవైమందికీ మళ్ళీ ఫోన్లు చేసి అడిగారు. మందు వాడినవాళ్ళలో జ్వరం వచ్చింది ముగ్గురికి. నీళ్ళు వాడినవాళ్ళలో పదకొండుమందికి.

ముగ్గురు ఎక్కడ, పదకొండుమంది ఎక్కడ. చిన్న తేడా కాదు.

చిగుళ్ళ కోసం మొదలుపెట్టి జ్వరం దగ్గర తేలడమేమిటని అడిగాను. అందరూ ఇలాగే చేస్తారట. పరీక్షలో రెండో ప్రశ్నకు ముందు జవాబు రాసిన పిల్లలు నాకూ ఉన్నారు. దానికి మార్కులు తగ్గించలేదు.

తేజ ఇవాళ రెండోసారి పప్పు వేయించుకుంది.

ఫిబ్రవరి 14, ఆదివారం

పేపరు ఇంగ్లీషు దిద్దాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టింది. డాక్టర్లు ఇంత అధ్వాన్నంగా రాస్తారని తెలియదు. 'రుజువైంది' అన్నచోట 'కనబడింది' అని మార్చాను, తేజ ఒప్పుకుంది. సాయంత్రానికి గైడు మళ్ళీ 'రుజువైంది' చేశాడు.

చిగుళ్ళ ఫలితం నాలుగో పట్టికలో ఒక వరుసగా మిగిలింది. మరో మాట లేదు. చోటు చాలదట.

ఆఖరి వాక్యం, రచయితలకు ఈ మందు తయారీదారులతో ఎటువంటి సంబంధమూ లేదని. అందులో కామా తప్పుచోట ఉంది. సరిచేశాను. మందు తయారుచేసేది గైడు భార్య తమ్ముడని దీపావళికి తేజే చెప్పింది. కానీ సంబంధం ఉన్నది ఆయనకు, తేజకు లేదు. నేను చూడవలసింది భాష.

మార్చి 9, మంగళవారం

పంపిన నాలుగో రోజుకే తీసుకున్నారు. ఇద్దరు పెద్దలు చదివి అభిప్రాయం రాశారట. ఒకరిది, 'చాలా మంచి కృషి. ప్రచురించవచ్చు.' రెండో వారిది అంతకన్నా పొట్టి. స్లిప్ టెస్టు దిద్దడానికి కూడా నేను ఇంతకన్నా ఎక్కువ సిరా వాడేదాన్ని.

మా అబ్బాయి మోహన్ ఘారీ మిఠాయి డబ్బాలు తెచ్చి, హజీరా ఉక్కు ప్లాంటులో తన షిఫ్టు అంతటికీ పంచాడు. కోడలు బ్యాంకులో పంచింది. పేపరు చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంది. శ్రీమతి శారదాంబ, భాషా సహాయానికీ, కార్మికులను ఒప్పించినందుకూ. ఒకసారి చదివాను.

మూడుసార్లు చదివాను.

మార్చి 16, మంగళవారం

కరోనా కేసులు మళ్ళీ పెరుగుతున్నాయి, పార్కులు మూసేశారు. గైడు తేజ ద్వారా అడిగించాడు, ఆ మందు గురించి తెలుగులో నాలుగు మాటలు రికార్డు చేసి ఇమ్మని. కడోదరావాళ్ళకు ఉపయోగమే కదా అన్నాడట. చేశాను.

"నేను శారదాంబ టీచర్ను. మన మెస్సులో అరవైమంది మీద పరీక్షించిన మందు ఇది. రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే జ్వరం, గొంతునొప్పి దగ్గరికి రావని తేలింది. ఎవరూ మానకండి."

పేపరులో ఉన్నది తగ్గుతాయని. రావని లేదు. కానీ తగ్గుతాయంటే వీళ్ళు వారానికి మానేస్తారు. పిల్లలకు చెప్పేటప్పుడు కాస్త గట్టిగానే చెప్పాలి.

ఏప్రిల్ 11, ఆదివారం

అడాజన్ వంతెన మీద ఆంబులెన్సులు ఆగడం లేదు. మోహన్ రెండు రోజులుగా ప్లాంటులోనే ఉన్నాడు, ఆక్సిజన్ అంతా ఆసుపత్రులకు మళ్ళిస్తున్నారు. తేజను ముక్కులోంచి నమూనా తీసే శిబిరంలో డ్యూటీకి వేశారు.

ఎల్లవ్వ ఫోను చేసింది. కడోదరాలో మందులషాపులన్నిటిలో ఆ సీసాలు వచ్చాయట, తమవాళ్ళే ఎక్కువ కొంటున్నారట. "నీ మాట పొద్దుగాల లేవంగనే పెడుతరు టీచరమ్మా. ఇను" అని, తన ఇంకో ఫోను దగ్గర పెట్టింది. నా గొంతు. ఎవరూ మానకండి.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

మాస్కులు పెట్టుకుంటున్నారా అని అడిగాను. మందుండగ మూతికి గుడ్డెందుకు అంటున్నరు, అంది. పెట్టుకోవాలని గట్టిగా చెప్పాను. సరేనంది. చెప్పవలసింది చెప్పాను.

ఏప్రిల్ 19, సోమవారం

ఆగయ్యకు జ్వరమట. వారం నుంచీ. రెండుసార్లు పుక్కిలించేవాడు ఐదుసార్లు పుక్కిలిస్తూ గదిలోనే పడుకున్నాడు. పరీక్షకు పొమ్మని ఎల్లవ్వ అంటే, టీచరమ్మ మందున్నది గద, దవాఖానకు పోతే చంపుతరు అన్నాడట. ఇవాళ మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందక ఆగిపోతున్నాడని భయపడి ఫోను చేసింది.

మోహన్ ఎవరితోనో చెప్పి వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే యంత్రం పంపించాడు. ఎనభై రెండు చూపించింది. కామ్‌రేజ్ దగ్గర ఒక పెళ్ళిళ్ళ హాలును ఆసుపత్రి చేశారు, సాయంత్రానికి అక్కడ మంచం దొరికింది.

ఏప్రిల్ 20

ఏమీ రాయను.

ఏప్రిల్ 25, ఆదివారం

ఆగయ్యకు ఆక్సిజన్ పెట్టారు. అలాగే ఉన్నాడు.

ఇవాళ నేనే ఎల్లవ్వకు ఫోను చేశాను. ఆగయ్యది ఎర్రచుక్క సీసానా, పచ్చచుక్క సీసానా అని అడిగాను. ఎందుకు అడిగానో ఇక్కడైనా సరిగా రాయాలి. పచ్చచుక్క అయితే బాగుండునని అడిగాను. పచ్చచుక్కవి రంగునీళ్ళని పేపరు దిద్దినప్పుడే తెలిసింది. అప్పట్లో నీళ్ళు వాడినవాడికి ఇప్పుడు జ్వరం వస్తే మందు తప్పు కాదనుకోవచ్చు. ఇది లెక్కకు నిలబడే మాట కాదు. అయినా అడిగాను.

"ఎర్రసుక్క, పచ్చసుక్క నాకేమెరుక టీచరమ్మా? గవన్నీ తెచ్చిన్నాడే నీల్ల డ్రమ్ముల పోసిన గద."

సరిగా వినబడలేదేమోనని మళ్ళీ అడిగాను. వినబడింది సరిగానే.

"మరేం జెయ్యాలె? ఒకని సీసల లవంగాల వాసన, ఒకని సీసల ఏం లేదాయె. పొద్దుగాల్నే లొల్లి. వానికి మంచిదిచ్చిన్రు, నాకు నీల్లిచ్చిన్రు, వాడేమన్న డాక్టరమ్మ సుట్టమా అని. ఒక్క బంతిల కూసున్నోల్లకు రెండు తీర్ల వడ్డిస్తరా? నా మెస్సుల గట్ల నడువది. అన్ని ఒక్కతాన కలిపిన. డ్రమ్ముకు నల్ల ఉండె, డ్యూటీ దిగొచ్చినోడల్లా నల్ల తిప్పి గ్లాసు వట్టి పుక్కిలిచ్చుడే. నువ్వు జెప్పినట్టే, ఒక్క సుక్క పోనియ్యలే. సీసలు కడిగి పక్కకు వెట్టిన, మల్ల నీకు లెక్క జెప్పాలె గద."

కొంచెం గర్వంగానే చెప్పింది. మెచ్చుకుంటానని ఆగింది. మంచిదన్నాను.

ఏప్రిల్ 26

ఆమెను ఏమనగలను. మావైపు పెళ్ళిళ్ళలో పంక్తిలో ఒకరికి నెయ్యి వేసి పక్కవారిని దాటిపోతే విస్తళ్ళు వదిలి లేచేవారు. పంక్తిభేదం మహాపాపమని నాకు మా అమ్మ నేర్పింది, నేను మోహన్‌కు నేర్పాను. అరవైమందిని ఒకే వరండాలో కూర్చోబెట్టి, సగంమందికి మందు, సగంమందికి నీళ్ళు వడ్డించింది మేమే. ఎందుకలా ఇస్తున్నామో వాళ్ళకు చెప్పలేదు. తేజ చెబుదామంది. అంత వివరంగా చెబితే గందరగోళపడతారు, రెండు రకాల మందు అని చెబితే చాలునన్నది నేను.

అరవైమందీ పుక్కిలించింది ఒకే డ్రమ్ములోది. మరి ముగ్గురు, పదకొండుమంది ఎక్కడినుంచి వచ్చారు?

ఏప్రిల్ 28

తేజ శిబిరం నుంచి వచ్చేసరికి మొహమంతా మాస్కు గాట్లు. రేపు చెబుతాను.

ఏప్రిల్ 30

రేపు.

మే 6, గురువారం

చెప్పాను. తేజకు ఇవాళ సెలవు. బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే చెప్పాను.

అది చేతిలోని తువ్వాలు తీగమీద వేసి, క్లిప్పు పెట్టి, రెండో క్లిప్పు పెట్టి, అప్పుడు అడిగింది.

"ఎవరికైనా చెప్పావా?"

ఇరవై ఏడేళ్ళ పిల్ల నోట మొదట వచ్చిన మాట అది. నేను పెంచిన పిల్ల. చెప్పలేదన్నాను.

"ఎల్లవ్వకి ఒక్కదానికే తెలుసు. అదీ ఏం తెలుసో తనకే తెలీదు. బస్, అయిపోయింది నానమ్మా."

ముగ్గురు, పదకొండు ఎక్కడివని అడిగాను. ఒకే డ్రమ్ము నీళ్ళకు రెండు జవాబులు రావు. తేజ మిగిలిన బట్టలు ఆరేసింది. తర్వాత క్లిప్పుల బుట్ట కింద పెట్టి చెప్పింది. ఫోన్లు చేసేనాటికి ఏ చుక్క ఏదో గైడు బయటపెట్టేశాడు. మందు జాబితాలో ఫోను ఎత్తనివాళ్ళను జ్వరం రానివాళ్ళుగా రాసేయమన్నాడు. నీళ్ళ జాబితాలో ఎత్తనివాళ్ళకు ఎత్తేదాకా చేయమన్నాడు. చిన్న జలుబునైనా గుర్తుచేసుకోమని అడగమన్నాడు. తేజ చేసింది.

"అబద్ధం ఒక్కటీ రాయలేదు నానమ్మా. ఎవరు ఏం చెబితే అదే రాశాను. సచ్చీ."

నిజమే. అబద్ధం ఒక్కటీ లేదు. నేనూ కామా ఒక్కటే మార్చాను.

మే 7

మోహన్‌కు చెప్పవలసి వచ్చింది. శాంతంగా విన్నాడు. "అమ్మా, ఆ పేపర్ వల్ల ఆగయ్యకు జ్వరం రాలేదు. ఊరంతటికీ వచ్చింది. ఇప్పుడు దాన్ని తీయిస్తే తేజ పరీక్ష పోతుంది, గైడు పగబడతాడు. ఆయనకేమీ కాదు, దీని చదువు పోతుంది. ఎవరికి లాభం?" అన్నాడు.

ప్రతి మాటా న్యాయంగానే ఉంది.

మే 15

నేను మాట్లాడటం లేదని తేజ అంటున్నది. మాట్లాడుతున్నాను. ఉప్పు సరిపోయిందా అని నిన్న అడిగాను.

మే 23, ఆదివారం

ఆగయ్య బతికాడు. ఎల్లవ్వ ఫోనులోనే మాట్లాడించింది. రెండు మాటలకు ఒకసారి ఆగి దగ్గుతున్నాడు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి, మగ్గం దగ్గర నిలబడటం ఇక కుదరదన్నారట. రైళ్ళు దొరకగానే ఊరికి పోతాడు.

తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ దయతోని బతికిన టీచరమ్మా. దవాఖానల గూడ సీస తలగడ కింద వెట్టుకున్న. పుక్కిలిచ్చుడు ఒక్కనాడు మానలే."

పక్కన ఎవరో, నిజమే, మావోడు మందు వల్లనే బతికిండు అంటున్నారు. ఇప్పుడు మెస్సులో ఆ మందు అమ్మకం ఇంకా పెరుగుతుంది. ఊరికి పోతే అక్కడా చెబుతాడు. నా గొంతు కూడా ఫోనులో వెంట పోతుంది.

తేజ భోజనం చేస్తుంటే ఆగయ్య అన్నమాట ఆగయ్య అన్నట్టే చెప్పాను. అది కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. కంచంలో చెయ్యి కడగకూడదని చిన్నప్పటినుంచీ చెబుతున్నాను. ఇవాళ చెప్పలేదు.

జూన్ 14, సోమవారం

తేజ నాకు చెప్పకుండానే గైడు దగ్గరికి వెళ్ళి వచ్చింది. పేపరు వెనక్కి తీసుకుందామని అడిగిందట. ఆయన నవ్వాడు. కాలేజీ లైబ్రరీలో ఉన్న పేపర్లన్నిటి డ్రమ్ములూ తెరిచి చూద్దామా బేటా అన్నాడట. తీసుకుంటే తన కింద చదువు కుదరదని కూడా అన్నాడు, నవ్వుతూనే. జర్నల్‌వాళ్ళకు రాస్తే, వేయడానికి తీసుకున్నదానికన్నా తీసేయడానికి ఎక్కువ డబ్బు కట్టాలని జవాబిచ్చారు. అది చదివి తేజకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. నెల తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అందుకు.

నా గొంతుతో వచ్చిన మాట నా గొంతుతోనే వెనక్కి తీసుకుంటాను, నీ పేరు ఎత్తను, నీ పరీక్ష నువ్వు రాసుకో అన్నాను. ఇది నేను చాలా రోజులుగా ఆలోచించిన ఉపాయం. ఇద్దరికీ న్యాయం అనుకున్నాను.

"అంటే నువ్వు పొరపాటుపడ్డ ముసలావిడవి అవుతావు. పేపర్ అలాగే ఉంటుంది. సార్ అదే చెబుతారు, ఆవిడకి వయసైపోయింది అని."

ఆ ఉపాయం నేను తేజ కోసం అనుకున్నానా, నా కోసమా, ఇప్పుడు తెలియడం లేదు.

జూన్ 29

మోహన్ తేజతో మాట్లాడాడు, తలుపు వేసుకుని. బయటికి వచ్చి నావైపు చూడకుండా చెప్పులు వేసుకున్నాడు.

జూలై 8, గురువారం

తేజ కాలేజీలో పరిశోధనల మంచిచెడ్డలు చూసే నీతి సంఘానికి ఉత్తరం ఇచ్చింది. డ్రమ్ము సంగతి, ఫోన్ల సంగతి, చిగుళ్ళ ఫలితం నాలుగో పట్టికలోకి పోయిన సంగతి, గైడు బావమరిది సంగతి. జర్నల్‌కు కూడా అదే పంపింది. ఇంగ్లీషు దిద్దమని నాకు ఇవ్వలేదు. ఇచ్చాక నకలు చూపించింది. రెండు చోట్ల తప్పులున్నాయి. బాగా రాసింది.

ఈసారి పరీక్షకు కూర్చోలేదు. వచ్చేసారికి గైడుగా ఎవరు ఒప్పుకుంటారో తెలియదు. ఇద్దరిని అడిగింది, ఇద్దరూ చూద్దామన్నారు. కోడలు వంటింట్లో ఏడ్చింది. మోహన్ నాతో మాట్లాడటం మానేశాడు. తన చెల్లెలికి ఫోనులో చెబుతుంటే విన్నాను, "అమ్మకు లెక్క తేలితే చాలు, ఇంట్లో ఎవరున్నా పోయినా."

జూలై 22

సంఘం నుంచి జవాబు లేదు. జర్నల్‌లో పేపరు అలాగే ఉంది. తేజ రోజూ తెరిచి చూస్తున్నది. నేనూ చూస్తున్నాను, అది కాలేజీకి వెళ్ళాక.

ఆగస్టు 1, ఆదివారం

పేపరు తీసేసేదాకా ఆగడం ఎందుకని తేజే అంది. ఇంగ్లీషు పేపరును కడోదరాలో ఎవరూ చదవలేదు, వాళ్ళు విన్నది నీ మాట. వాళ్ళకు నేను చెబుతాను.

సోఫాలో నా పక్కన కూర్చుని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు.

"నమస్తే. నేను తేజశ్రీ. మెస్‌లో మీ పళ్ళు చూసిన డాక్టర్. ఆ దవాయి పుక్కిలిస్తే బుఖార్ రాదని మేము రాశాం కదా, అది గలత్ ఉంది. దవాయికి, నీళ్ళకి తేడా కనబడలేదు. సీసాలు కలిసిపోయినాయి, తర్వాత లెక్క నేను బరాబర్ చేయలేదు. తప్పు మీది కాదు, ఎల్లవ్వది కాదు, నానమ్మది కాదు. నాది. బుఖార్ వస్తే రూమ్‌లో కూర్చోకండి, టెస్ట్‌కి వెళ్ళండి. మాస్క్ పెట్టండి. మాఫ్ చేయండి."

వినిపించింది. భాషలో ఎన్ని తప్పులున్నాయో అన్నిటినీ పోనిచ్చాను. ఒక్కటి మాత్రం దిద్దమన్నాను. నానమ్మది కాదన్నది తప్పు. పేపరులో లేని మాట కూడా చెప్పింది నేనే.

తేజ నావైపు చూసి, కాదనలేదు. ఆ మాట తీసేసి మళ్ళీ మొదటినుంచి రికార్డు చేసింది. ఎల్లవ్వకు పంపింది. ఎల్లవ్వ అందరికీ పంపుతుంది, నా పాత మాట పోయినంత దూరం ఇదీ పోతుందో లేదో.

మధ్యాహ్నం ఎల్లవ్వ ఫోను చేసింది. కోపంగా ఉంది. అయితే మంచిజేసిన అనుకొని నేనే ఆగం జేసిన్నా, ఆనాడే నాకు చెప్తే ఏమాయె, రెండు డ్రమ్ములు పెడుదును గద అంది. నిజమే, పెట్టేది. ఇవాళ మంచిదని ఊరుకోలేదు. నీది తప్పు కాదు, చెప్పనిది నేను అన్నాను.

సాయంత్రం సిరిసిల్ల నుంచి ఆగయ్య ఫోను చేశాడు. తేజ స్పీకరు పెట్టింది. పెద్ద దగ్గు అయ్యాక మాట వచ్చింది.

"గట్లనా బిడ్డా. ఐతే నా సీసల ఏముండె? మందా, నీల్లా?"

సగం మందు, సగం నీళ్ళు, అన్నీ కలిసినై తాతా, అందరికీ ఒకటే, అంది తేజ.

"అందరికి ఒక్కతీరే గద. ఐతే నాకేం బాధ లేదు." మళ్ళీ దగ్గు. "గని బిడ్డా, మొన్న కొన్న సీసల ఇంక సగం ఉన్నది. జర టీచరమ్మనడుగు. ఒక్క సుక్క వృథా చెయ్యద్దన్నది గద ఆమె."

తేజ నావైపు చూసింది. ఫోను తీసుకున్నాను. మోహన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో.

"ఆగయ్యా, నేను టీచర్ను. ఆ సీసా తీసుకుని పెరట్లోకి వెళ్ళు. ఒక్క చుక్క మిగలకుండా పారబొయ్యి" అన్నాను.

నడుస్తున్న చప్పుడు, మధ్యలో ఆగడం, దగ్గు, మళ్ళీ నడక. తర్వాత మట్టి మీద నీళ్ళు పడుతున్న చప్పుడు. అది ఆగేదాకా ఫోను పెట్టలేదు.